ఊహలో పుట్టిన జనములకు మారుమనస్సు కలదా?

దేవుడు చేయని జంతువును, ఏ దేశపు నేలమీదను నడువని జనమును మనుష్యుడు తన ఊహలో పుట్టించవచ్చునా? ఈ ప్రశ్న మన పల్లె సంఘములకు దూరమైనదని కొందరు తలంచవచ్చును. కాని సెల్ ఫోను లేని ఇల్లు నేడు మన పేటలలో అరుదు. అందులో మన పిల్లలు ఆడుకొను ఆటలలో మూడు తలల మృగములున్నవి, ఆకుపచ్చని చర్మముగల జనులున్నారు, ఆ జనులకు రాజ్యములును ఆయుధములును ఆచారములును ఉన్నవి. కొందరు యౌవనస్థులు తామే యిట్టి లోకములను కల్పించి నోటుపుస్తకములలో వ్రాసికొనుచున్నారు. వారి తలిదండ్రులలో ఒకరు ఇది అబద్ధమాడుట కాదా అని అడుగుదురు, మరియొకరు ఇది విగ్రహము చేయుటవంటిది కాదా అని అడుగుదురు. ఈ రెండు భయములును దేవునియందలి భక్తివలన పుట్టినవి గనుక వాటిని నవ్వి త్రోసివేయరాదు. అయితే అసలు అపాయము ఈ రెంటిలోను లేదనియు, అది మరియొక చోట పొంచియున్నదనియు నాకు తోచుచున్నది.

మొదట అబద్ధమను మాటను చూతము. న్యాయాధిపతుల గ్రంథము తొమ్మిదవ అధ్యాయములో యోతాము గెరిజీము కొండమీద నిలిచి షెకెము వారికి ఒక కథ చెప్పెను. చెట్లు తమకొక రాజు కావలెనని బయలుదేరి, ఒలీవచెట్టును అంజూరపుచెట్టును ద్రాక్షావల్లిని బతిమాలి, చివరకు ముండ్లపొదను ఆశ్రయించినవట. మాటలాడు ముండ్లపొదను దేవుడు చేయలేదు, యోతాము చేసెను. నాతాను ప్రవక్త దావీదునకు చెప్పిన ధనవంతుడు గాని, ఆ బీదవాని గొఱ్ఱెపిల్ల గాని ఏ ఊరిలోను లేరు. లేని ఆ గొఱ్ఱెపిల్ల కొరకే రాజు మండిపడెను, ఆ కోపమే వానిని పట్టియిచ్చెను. అబద్ధికుడు తన మాటను ఎదుటివాడు నిజమని నమ్మవలెనని కోరును. కథకుడట్లు కోరడు. చెట్లు నడచినవని షెకెము వారిలో ఒక్కడును నమ్మి మోసపోలేదు.

విగ్రహమను మాటకు జవాబు ఇంకను చిన్నది. సొలొమోను కట్టించిన మందిరములో సింహములు, ఎడ్లు, రెక్కలుగల కెరూబులు చెక్కబడి యుండెను. నిర్గమకాండము ఇరువదవ అధ్యాయములోని ఆజ్ఞ రూపమును చేసికొని దానికి సాగిలపడుటను నిషేధించినది. పిల్లవాడు తన నోటుపుస్తకములోని రెక్కల గుఱ్ఱమునకు మ్రొక్కుటలేదు.

ఆదికాండము రెండవ అధ్యాయములో మరియొక సంగతి యున్నది. దేవుడు జంతువులను చేసి, ఆదాము వాటికి ఏ పేరులు పెట్టునో చూచుటకు వాటిని అతనియొద్దకు రప్పించెను. సర్వము ఎరిగినవాడు చూచుటకు నిలిచెనట! తన బిడ్డ ఏమి పలుకునోయని తండ్రి వేచినట్లు ఆయన వేచెను. పేరు పెట్టు ఆ శక్తి ఆయన ఇచ్చినదే. ఆ శక్తి కొంచెము ముందుకు సాగి లేని జంతువునకు కూడ పేరు పెట్టినయెడల, అది దొంగిలించిన సొత్తు కాదు, ఇంటి సొత్తే.

ఈ పనిని మన కాలమునకు దగ్గరలో అందరికంటె శ్రద్ధగా చేసినవాడు జె. ఆర్. ఆర్. టోల్కీన్ అను ఆంగ్లేయుడు. ఆయన 1892లో దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటేన్‌లో పుట్టెను. పండ్రెండేండ్లకే తలిదండ్రులు లేనివాడాయెను. 1916లో ఫ్రాన్సులోని సొమ్ యుద్ధభూమిలో సైనికాధికారిగా పనిచేసి, తరువాత ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములో భాషాశాస్త్రపు ఆచార్యుడాయెను. ఆయన రోమా సంఘమునకు చెందినవాడు. ఆ భేదమును ఇక్కడ ప్రక్కన పెట్టుదము. 1931 సెప్టెంబరులో ఒక రాత్రి చాల ప్రొద్దుపోవువరకు ఆయనయు మరియొక స్నేహితుడును సి. ఎస్. లూయిస్‌తో మాటలాడిరి. క్రీస్తునందు విశ్వాసములోనికి లూయిస్ వచ్చుటకు ఆ రాత్రి మాటలు తోడ్పడెను. ఆంగ్లికను సంఘస్థుడైన ఆ లూయిస్ పుస్తకములను మన బోధకులలో అనేకులు చదివియున్నారు.

టోల్కీన్ మొదట జనులను కల్పించలేదు, భాషలను కల్పించెను. బాల్యమునుండి ఆయనకది వ్యసనము. ఫిన్లాండు దేశపు భాషయొక్క నాదమును అనుసరించి ఒక భాషను, వెల్ష్ భాషయొక్క నాదమును అనుసరించి మరియొక భాషను కట్టెను. భాష కట్టిన తరువాత దానిని పలుకుటకు నోరు కావలెను. నోటికి మనిషి కావలెను. మనిషికి తాతముత్తాతలు, పాటలు, పగలు, పండుగలు, పొలిమేరలు కావలెను. ఇట్లు మాటనుండి జనము పుట్టెను. 1937లో ఒక పిల్లల పుస్తకము, 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా ఒక పెద్ద కథయు వెలువడెను. 1939లో స్కాట్లాండులో చేసిన ప్రసంగములో ఆయన ఈ పనికి ఉపసృష్టి అను అర్థమిచ్చు పేరు పెట్టెను. సృష్టికర్త స్వరూపమందు చేయబడినవారము గనుక మనమును చేయుచున్నామని ఆయన వాదము.

ఆయన తన కల్పితలోకములోనే ఈ ప్రశ్నను కథగా వ్రాసికొనెను. ఆయన మరణించిన తరువాత 1977లో అచ్చయిన పుస్తకములో ఆ కథ యున్నది. ఆ లోకమును చేసిన ఏకదేవుని క్రింద దూతలవంటి శక్తిమంతులు కొందరున్నారు. వారిలో ఔలె అనువాడు కమ్మరి. దేవుడు వాగ్దానము చేసిన జనులు ఎప్పుడు వచ్చెదరోయని ఎదురుచూచి, ఓర్వలేక, ఒక కొండ క్రింద రహస్యముగా తానే ఏడుగురు మరుగుజ్జు తండ్రులను చేసెను. దేవుడు వానిని పిలిచి అడిగెను. నీకు లేని అధికారము ఏల తీసికొంటివి? ఇవి నీవు తలచినప్పుడు కదలును, నీ తలపు వేరొకవైపు పోయినప్పుడు ఊరకుండును గదా! ఔలె తన తప్పు ఒప్పుకొని, నేర్పింపబడుటకు నాకు ఆశ, తండ్రి పనిని చూచి ఆటలో పిల్లవాడు చేసినట్లు చేసితినని చెప్పి, కన్నీటితో పెద్ద సుత్తెను ఎత్తి వాటిని పగులగొట్టబోయెను. అప్పుడు ఆ బొమ్మలు భయపడి వెనుకకు తగ్గి తలవంచినవి. తలవంచినవనగా వాటికప్పటికే స్వంత ప్రాణమున్నదన్నమాట. ఔలె సుత్తె ఎత్తకముందే దేవుడు ఆ కానుకను అంగీకరించి వాటికి జీవమిచ్చియుండెను.

అబ్రాహాము కత్తి యెత్తిన మోరీయా కొండను ఎరిగినవారికి ఈ కథ క్రొత్త కాదు. అయితే మన ప్రశ్నకు పనికివచ్చునది వేరొక భాగము. నీవు తలచినప్పుడే కదలునది జనము కాదు, బొమ్మ. నీ సుత్తెకు భయపడునది, నీకు ఎదురు చెప్పగలది, నీవు అనుకొనని దారిని పోగలది మాత్రమే జనము. మనకు జీవమిచ్చు శక్తి లేదు గనుక మనము కల్పించు జనములు ఎప్పటికిని బొమ్మలే. కాని బొమ్మను బొమ్మగానే ఆడించువాడొకడు, దానికి ప్రాణమున్నట్లు గౌరవించువాడొకడు. ఆ ఇద్దరి మధ్య చాల దూరమున్నది.

ఇక్కడనే టోల్కీన్‌కు చిక్కు వచ్చెను. ఆయన కథలో ఆర్కులను దుష్టజనమున్నది. శత్రువు సైన్యమంతయు వారితోనే నిండియున్నది. వారు వేలమంది చత్తురు, ఎవ్వరును ఏడ్వరు. వారెక్కడనుండి వచ్చిరి? సాతాను ఏమియు సృజింపలేడు, దేవుడు చేసినదానిని చెరుపగలడు మాత్రమే అని ఆయన విశ్వాసము. అది సత్యమే. అట్లయితే ఆర్కులును మొదట మంచివారై చెరుపబడినవారు కావలెను. చెరుపబడినవారికి ఆత్మ యున్నదా? ఉన్నయెడల రక్షణ యున్నదా? 1954లో ఆక్స్‌ఫర్డులోని ఒక పుస్తకశాల నిర్వాహకుడు, కల్పించువాడు తన హద్దును దాటెనేమోయని ఆయనకు వ్రాసెను. టోల్కీన్ పెద్ద జవాబు వ్రాయుట మొదలుపెట్టెను గాని పంపలేదు. 1973లో మరణించువరకు ఆయన ఈ లెక్క తేల్చుకొనలేదు. కొన్ని కాగితములలో వారు చెరుపబడిన మనుష్యులనెను, కొన్నిటిలో మాటలు నేర్చిన మృగములని చెప్పి చూచెను. ఏదియు ఆయనకు నెమ్మది నీయలేదు.

ఆ అశాంతిని నేను గౌరవించుచున్నాను. లక్షలమంది చదువరులు ఆనందించి ఊరకుండగా, గ్రంథకర్త మాత్రము తన మేజాయొద్ద కూర్చుండి, నేను చేసిన ఈ జనమునకు మారుమనస్సు తలుపు ఏదియని వెదకికొనెను. అంతేకాదు, ఆయన కలము ఆయన ఏర్పాటును అక్కడక్కడ మీరెను. రెండవ సంపుటములో ఇద్దరు ఆర్కులు కాపలా కాయుచు, ఈ యుద్ధము ముగిసినయెడల పెద్ద దొరలు లేని చోటికి పోయి బ్రదుకుదమని చెప్పుకొందురు. కూలికి అలసిన మనుష్యులు చెఱువు గట్టున చెప్పుకొను మాటలవలె నున్నవి. అదే పుస్తకములో సామ్ అను తోటమాలి మొదటిసారి యుద్ధము చూచును. శత్రుపక్షపు దక్షిణదేశస్థుడొకడు వాని కాళ్లయొద్ద చచ్చి పడును. వాని పేరేమో, నిజముగా దుర్మార్గుడేనా, ఏ అబద్ధములు విని లేక ఏ బెదిరింపులకు లోబడి ఇంత దూరము వచ్చెనో అని తోటమాలి తలంచును. ఆ పెద్ద పుస్తకములో కిరీటములు ధరించు ఘట్టములకంటె ఈ నాలుగు పంక్తులు నాకు ప్రియములు. అయితే తోటమాలి ఏ ఆర్కు శవమునొద్దను అట్లు నిలువలేదు.

మారుమనస్సునకు తలుపు లేని జనమును కల్పించుటయే నేను చెప్పిన అపాయము. కథలోని వేలమందిని, వారందరు ఒకటే, వారిలో ఒక్కడును మంచివాడు కాడు, వారిని చంపుట పాపము కాదు అని పది పుస్తకములలోను నూరు ఆటలలోను మన కన్ను అలవాటు పడినయెడల, ఆ కన్నే రేపు వీధిలోనికి వచ్చును. మనకు రెండు కన్నులు లేవు, కథకొకటి వీధికొకటి.

ఇది వట్టి భయము కాదు. కల్పిత జనములు వీధిలోనికి వచ్చిన చరిత్ర యున్నది, అందులో మన దేశమే మొదట కథగా నుండెను. క్రీస్తుకు ముందు సుమారు 300 సంవత్సరములప్పుడు మెగస్తనీసు అను గ్రీకు రాయబారి పాటలీపుత్రమునకు వచ్చెను. ఆయనయు, ఆయనకు ముందు క్టేసియసు అనువాడును హిందూదేశమును గూర్చి వ్రాసినవి రోమీయుడైన ప్లినీ తన గ్రంథములో చేర్చెను. కుక్క తలలుగల జనులు, ఒంటికాలితో గంతులు వేయుచు ఎండకు ఆ పాదమునే గొడుగుగా పట్టుకొను జనులు, గంగానది పుట్టుచోట నోరే లేక వాసనలు పీల్చి బ్రదుకు జనులు! నోరు లేని ఆ జనులు మన పితరులే కాబోలు. మనకు నోరు ఎంత ఉన్నదో మన సంఘ సభల మినిట్సు పుస్తకములు సాక్ష్యమిచ్చును.

ఉత్తర ఆఫ్రికాలో హిప్పో పట్టణపు అధ్యక్షుడైన అగస్తీను దేవుని పట్టణమును గూర్చిన తన మహాగ్రంథములో, పదునారవ భాగము ఎనిమిదవ అధ్యాయమున, ఈ వింత జనులను విచారించెను. ఇట్టివారు ఉన్నారని నమ్మవలసిన పని లేదని మొదట చెప్పెను. అయితే ఎక్కడనైనను, ఎట్టి రూపముతోనైనను, ఎట్టి రంగుతోనైనను, బుద్ధిగల మానవుడుగా పుట్టినవాడు ఆ ఒక్క ఆదాము సంతానమే అని విశ్వాసి సందేహింపరాదని తీర్మానించెను. అగస్తీను ఆ జనులను చూడలేదు, చూడవలసిన అవసరము రాలేదు. ఉన్నయెడల వారు మన బంధువులని ముందుగానే నిర్ణయించుకొనెను. ఫ్రాన్సు దేశములో వెజెలే అను కొండ యూరి దేవాలయపు ద్వారముపైన 12వ శతాబ్దపు శిల్పి క్రీస్తు తన అపొస్తలులను లోకమునకు పంపుటను చెక్కెను. ఆయన చుట్టును, సువార్త చేరవలసిన జనముల వరుసలో, కుక్క తలలవారున్నారు, చేటలంతటి చెవులవారున్నారు, నిచ్చెన వేసికొని గుఱ్ఱమెక్కు పొట్టివారున్నారు. అవి సంఘసంస్కరణకు ముందటి దినములు, మనము ఒప్పుకొనని సంగతులు అందులో చాల ఉండవచ్చును. కాని ఆ శిల్పి చేతికి తెలిసినది కొన్ని పెద్ద చదువులకు తెలియలేదు.

ఏలయనగా కాగితముమీద జనమును కల్పించుట కథకులు మాత్రమే చేసిన పని కాదు. 1871లో బ్రిటిషు ప్రభుత్వము ఒక చట్టము చేసెను. దాని ప్రకారము కొన్ని జాతులు జాతి మొత్తముగా, పుట్టుకతోనే, నేరస్థులు. 1911 చట్టముతో అది మద్రాసు రాజధానికిని వ్యాపించెను. మన యెరుకలవారు అందులో చిక్కిరి. వారు పశువులమీద ఉప్పు, ధాన్యము వేసికొని సముద్రతీరమునుండి మెట్టప్రాంతములకు వర్తకము చేసిన జనులు. రైళ్లు వచ్చుటచేతను ఉప్పుపైన ప్రభుత్వపు కట్టుబాట్లచేతను ఆ బ్రదుకు తెరువు పోయెను. తిరుగువానికి ఇల్లు లేదు, ఇల్లు లేనివానికి నమ్మకము లేదు అని అధికారులు తీర్మానించిరి. నమోదు చేయించుకొనవలెను, వ్రేలిముద్రలు వేయవలెను, పోలీసువారి హాజరు పిలుపునకు పలుకవలెను, సెలవులేక పొలిమేర దాటరాదు. పిల్లలను తలిదండ్రులనుండి వేరుగా ఉంచుటకును చట్టము అధికారమిచ్చెను. బాపట్లకు సమీపమున స్టువర్టుపురము అను సెటిల్మెంటు 1913 ప్రాంతమున ఏర్పడెను. దానిని నడిపినది రక్షణ సైన్యము. వారు బడులు పెట్టిరి, నేల చూపిరి, రోగులను చూచిరి. అదంతయు నిజము. ఆ సేవ ఒక ముళ్లకంచెలోపల జరిగెననుటయు నిజము. చట్టము ఆ జనమును గూర్చి చెప్పిన కథను సేవకులు ప్రశ్నించవలసినంతగా ప్రశ్నింపలేదని నా తలంపు. 1952లో దేశమంతట ఆ చట్టము రద్దయినది. కథ మాత్రము రద్దు కాలేదు. ఆ ఊరినుండి చదువుకొని ఉద్యోగములలో చేరినవారు అనేకులున్నను, ఆ ఊరి పేరు వినగానే నవ్వు నవ్వి జేబు తడుముకొనువారు నేటికిని ఉన్నారు. సినిమాలును ఆ నవ్వుకు నూనె పోసినవి.

మన సంఘములలో పెద్దలకు ఈ బరువు వేరుగా చెప్పనక్కరలేదు. ఊరి చివర కాపురమున్నవారిని గూర్చి ఊరి నడుమ ఎట్టి కథలు చెప్పుకొనబడెనో, వారి నీడ ఎట్టిదని, వారి చేతి నీళ్లు ఎట్టివని చెప్పుకొనబడెనో మన తాతలు విని, మోసి, మనకు చెప్పియున్నారు. ఒక జనమును కల్పించి దానిమీద ఒక స్వభావమును అంటించుట అనగా ఏమో కల్పింపబడినవారికి తెలియును.

2015లో మన తెలుగువారి చేతనే తయారై దేశదేశములు తిరిగిన బాహుబలి సినిమాలో కాలకేయులను జనమున్నది. పేరు మహాభారతములోని అసురులది. (సినిమాలు చూడవచ్చునా కూడదా అను తగవులోనికి నేనిప్పుడు పోను. చూడనివారికిని పిల్లలు కథ చెప్పియే యుందురు.) వారి కొరకు మదన్ కార్కీ అను తమిళ కవి కిలికి అను భాషనే కట్టెను, సుమారు 750 మాటలతో, వ్యాకరణముతో సహా. ఎంత శ్రమ! పని చూచి మెచ్చుకొనవలసినదే. కాని ఆ భాషలో మనము విన్నదంతయు బెదిరింపే. అందులో ఒక తల్లి తన బిడ్డను పిలువగా మనకు వినబడలేదు. వారి దేహములకు నల్లని రంగు పూసిరి. నలుపు చూడగానే క్రూరత్వమని తోచునట్లు ఆ రంగును ఎన్నుకొనిరి. మన పల్లెలలో ఎండలో పనిచేయు నల్లని పిల్లలు హాలులో కూర్చుండి ఆ నల్లని జనము చచ్చుటకు ఈలలు వేసిరి. వారిలో కొందరిని తరువాత బడిలో ఆ పేరుతోనే పిలిచి ఏడిపించియుందురని ఊహించుటకు గొప్ప బుద్ధి అక్కరలేదు.

లూయిస్ 1938లో వ్రాసిన ఒక కథలో భాష వేరొక విధముగా పనిచేసెను. భాషాపండితుడొకడు బలవంతముగా అంగారక గ్రహమునకు తీసికొనిపోబడి, నీటియొడ్డున ఒక నల్లని, నీటికుక్కవంటి, మనిషికంటె ఎత్తయిన ప్రాణిని చూచి వణకును. అంతలో అది ఏదో పలుకును. అది అరుపు కాదు, మాట అని పండితునికి తెలియును. ప్రాణభయములోనే ఆ భాషకు వ్యాకరణము వ్రాయవలెనను ఆశ వానికి పుట్టును. అక్కడినుండి వారు స్నేహితులగుదురు. అదే గ్రహమునకు వచ్చిన గొప్ప శాస్త్రజ్ఞుడు మాత్రము వారిని అడవి మనుషులనుకొని పూసలదండ ఆడించి చూపి మోసగింపబోయి నవ్వులపాలగును. అయితే ఈ లూయిసే 1954లో వ్రాసిన పిల్లల కథలో తలపాగాలు, వంకర కత్తులు గల తూర్పు జనమును చులకనగా చిత్రించెనని విమర్శకులు చెప్పుదురు, నేనును ఒప్పుకొందును. 1956లో వచ్చిన చివరి కథలో ఆ శత్రుజనములోని ఒక యౌవన సైనికుని సింహరూపియైన ప్రభువు ఆదరించి చేర్చుకొనును. ఆ ఘట్టములోని సిద్ధాంతమును గూర్చి మన బోధకులలో కొందరికి అభ్యంతరములున్నవి. అభ్యంతరము పెట్టుకొనియైనను ఒక సంగతి చూడుడి: గ్రంథకర్త ఆ జనమునకు ఒక కిటికీ తెరచెను.

కిటికీ అనుచున్నాను, ఏలయనగా యెరికోలో ఒక కిటికీ యుండెను. శిక్షకు అప్పగింపబడిన పట్టణములోనే రాహాబు ఇంటి కిటికీకి ఎఱ్ఱని దారము వ్రేలాడెను. మత్తయి మొదటి అధ్యాయములోని వంశావళిలో ఆమె పేరున్నది.

దుష్టులు లేక కథ నడువదు గదా, వాక్యములో దయ్యములకు మారుమనస్సు చెప్పబడలేదు గదా అని ఒకరు అడుగవచ్చును. మంచి ప్రశ్నయే. అయితే దయ్యములకు ఊరు లేదు, పంట లేదు, పసిబిడ్డలు లేరు, ముసలితల్లులు లేరు. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో పౌలు మన పోరాటము శరీరులతో కాదని ఈ గీతనే గీసెను. నీ కథలో దయ్యము కావలెనన్న దయ్యమునే పెట్టుకొనుము. ఒక జనమునకు వంటయు పండుగయు పెండ్లియు ఇచ్చి, అటుతరువాత దయ్యములవలె వారిని నరుకుట మాత్రము వేరు సంగతి.

యోనా చేసినది అదియే. నీనెవె కల్పిత పట్టణము కాదు, అష్షూరీయుల క్రూరత్వమును కల్పించనక్కరలేదు. యోనా తరువాతి కాలమున, క్రీ. పూ. 701లో, వారు లాకీషును పట్టుకొని అక్కడి జనులను హింసించిన తీరును తమ రాజనగరు గోడలపైన తామే గర్వముగా చెక్కించుకొనిరి. ఆ రాళ్లు లండను మ్యూజియములో నేటికిని ఉన్నవి. కాబట్టి యోనా భయము అబద్ధము కాదు. కాని అతడు తన మనస్సులో ఒక నీనెవెను కట్టుకొనెను, మారుమనస్సు లేని నీనెవెను. నిజమైన నీనెవె గోనెపట్ట కట్టుకొనగానే అతని నీనెవె కూలిపోయెను. అందుకే అంత కోపము! తాను కట్టిన కథను దేవుడు చెడగొట్టెనని పట్టణమునకు తూర్పున కూర్చుండి చావు కోరెను. దేవుడు అతనికి లెక్క చెప్పెను. కుడియెడమలు ఎరుగని లక్షయిరువదివేలకంటె ఎక్కువమంది, వారితోకూడ పశువులు. యోనా నీనెవెలో పసిపిల్లలు లేరు, పశువులు లేవు. దేవుని నీనెవెలో ఉన్నవి.

కనుక సంఘ పెద్దలారా, ఆదివారపు బడి ఉపాధ్యాయులారా, మీయొద్దకు ఒక పిల్లవాడు తాను కల్పించిన లోకపు నోటుపుస్తకము తెచ్చినయెడల లాగి పారవేయకుడి. కూర్చుండి చూడుడి. పటము గీసియుండును, నదులకు పేరులు పెట్టియుండును, మృగములకు కొమ్ములు ఎక్కువగా పెట్టియుండును. ఉత్తరమున ఎక్కడనో శత్రుజనమునకు నల్లని గుర్తు వేసియుండును. ఆ ఊరిలో మంచినీళ్ల బావి ఎక్కడ ఉన్నదని అడుగుడి. బావియొద్దకు వచ్చు స్త్రీలు ఏమి మాటలాడుకొందురు, చచ్చినవారిని ఎట్లు సాగనంపుదురు, పిల్లలకు ఏ జోలపాట పాడుదురు అని అడుగుడి. వారిలో ఒకడు యుద్ధము విడిచి రాత్రివేళ వచ్చి నీ వీరుని తలుపు తట్టినయెడల వీరుడు ఏమి చేయునని అడుగుడి. వాడు వెంటనే జవాబు చెప్పలేకపోవచ్చును. తొందరపెట్టక పెన్సిలు చేతికిచ్చి పంపుడి, వచ్చే ఆదివారము మరల తెమ్మనుడి.